మండీ చీటీలు తెరుచుకోకపోతే: జావాలో క్లాసు మార్చినా పాత డేటా చదవడం ఎలా

పొద్దున ఆరున్నరకే ఫోన్. "ఏమప్పా, నిన్నటి చీటీలు యాడికి పోయినాయి? ఒగటీ తెరుచుకోల్యా!"

అనంతపురంలో చీనీకాయల మండీ నడిపే ఒకాయన. ఆయన అంగడికి నేనే ఒక చిన్న జావా ప్రోగ్రాం రాసిచ్చినా. రైతు పేరు, ఊరు, బండి నంబరు, తూకం, ధర, కమీషన్, హమాలీ కూలి ఎంటర్ చేస్తే చీటీ తయారవుతుంది. చీటీలన్నీ ఒక లిస్టుగా ఫైల్లోకి సీరియలైజ్ అవుతాయి, అంటే మెమరీలోని ఆబ్జెక్టులు బైట్లుగా మారి ఫైల్లో పడతాయి. ముందురోజు సాయంత్రం కొత్త వెర్షన్ పెట్టి వచ్చినా. మార్పల్లా ఒకటే, చీటీని తెలుగులో ప్రింట్ తీయడానికి ఒక పబ్లిక్ మెథడ్. ఫీల్డు ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

"స్క్రీన్ మీద ఏముందన్నా?" అంటే "ఖాళీగా ఉంది" అన్నాడు. అప్పుడు నాకు గుండె జారింది. ఎందుకంటే ఆ ప్రోగ్రాంలో నేనే ఇంకో దరిద్రం పెట్టినా: ఫైలు చదవలేకపోతే ఖాళీ లిస్టుతో మొదలవుతుంది, మూసేటప్పుడు ఉన్న లిస్టును అదే ఫైలు మీద రాసేస్తుంది. "అన్నా, దాన్ని మూయొద్దు. ప్లగ్గు పీకెయ్" అన్నా. ఆయన పీకేసినాడు. డేటా బతికింది.

మీకు ఆ అవస్థ రాకుండా, వచ్చినా గట్టెక్కేలా ఏం చేయాలో వరుసగా చెబుతా. కోడ్‌లోని పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా. ఎడిటర్‌లో మీకు అలవాటైన ఇంగ్లిష్ స్పెల్లింగే కొట్టుకోండి.

మొదటి పని: ఫైలు కాపీ, ఆ తర్వాతే ఎర్రర్

ఎర్రర్ చూడగానే కోడ్ తెరవద్దు. డేటా ఫైలును ఇంకో ఫోల్డర్‌లోకి, వీలైతే ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఇకమీద ప్రయోగాలన్నీ కాపీ మీదే.

తర్వాత లాగ్‌లో ఎక్సెప్షన్ చూడండి. నూటికి తొంభైసార్లు అది ఇన్‌వాలిడ్‌క్లాస్‌ఎక్సెప్షన్. మెసేజ్ ఈ తీరులో ఉంటుంది: "లోకల్ క్లాస్ ఇన్‌కంపాటిబుల్: స్ట్రీమ్ క్లాస్‌డెస్క్ సీరియల్‌వెర్షన్‌యూఐడీ = ఒక పెద్ద అంకె, లోకల్ క్లాస్ సీరియల్‌వెర్షన్‌యూఐడీ = ఇంకో పెద్ద అంకె". చాలామంది ఈ అంకెలు చూసి బెదిరిపోయి పైకి స్క్రోల్ చేసేస్తారు. మీకు కావలసిన మందు అందులోనే ఉంది. మొదటి అంకె ఫైల్లో రాసి ఉన్నది, రెండోది ఇప్పుడు మీ దగ్గరున్న క్లాసుది.

ఫైలు మొదట్లో ఏముందో ఒకసారి హెక్స్ ఎడిటర్‌లో చూస్తే భయం పోతుంది. మొదటి నాలుగు బైట్లు ఎప్పుడూ ఒకటే: ఏసీ, ఈడీ, 00, 05. మొదటి రెండూ ఇది జావా సీరియలైజేషన్ అని చెప్పే గుర్తు, తర్వాతి రెండూ ఫార్మాట్ వెర్షన్. చీటీ ఒక్కటే రాసిన ఫైలైతే తర్వాత 73, 72 వస్తాయి. "ఇక ఆబ్జెక్ట్, దాని క్లాసు వివరం" అని అర్థం. ఆ తర్వాత రెండు బైట్లలో క్లాసు పేరు పొడవు, పేరు. దాని వెనకే సరిగ్గా ఎనిమిది బైట్లలో ఆ పెద్ద అంకె. తర్వాత ఒక ఫ్లాగ్ బైటు, ఎన్ని ఫీల్డులో చెప్పే రెండు బైట్లు, ఒక్కో ఫీల్డు టైపు, పేరు. అంటే మీ ఫీల్డుల పేర్లు అక్షరాలా ఫైల్లో కూర్చుని ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

రెండో పని: ఆ అంకె ఎందుకు మారిందో తెలుసుకోండి

సీరియల్‌వెర్షన్‌యూఐడీ అంటే ఫైలూ క్లాసూ ఒకదానికొకటి సరిపోతాయో లేదో జావా పోల్చి చూసే గుర్తు అంకె. క్లాసులో మీరు దాన్ని రాయకపోతే జావానే ఒకటి లెక్కగడుతుంది. క్లాసు పేరు, మాడిఫయర్లు, ఇంటర్‌ఫేసులు, ఫీల్డులు, స్టాటిక్ ఇనిషియలైజర్ ఉందా లేదా, ప్రైవేట్ కాని కన్‌స్ట్రక్టర్లు, ప్రైవేట్ కాని మెథడ్లు. వీటన్నిటినీ కలిపి ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ తీసి, అందులో మొదటి ఎనిమిది బైట్లు వాడుకుంటుంది. ఇందులో ఏది మారినా అంకె మారుతుంది. నేను చేర్చిన ప్రింట్ మెథడ్ పబ్లిక్, అందుకే మారింది. అదే మెథడ్ ప్రైవేట్ అయి ఉంటే ఏమీ జరిగేది కాదు.

ఇంకా విడ్డూరం: క్లాసులో ఒక ప్రైవేట్ స్టాటిక్ లాగర్ పెట్టినా చాలు. ప్రైవేట్ స్టాటిక్ ఫీల్డును లెక్కలో వదిలేస్తారు, నిజమే. కానీ దానికి విలువ ఇవ్వడానికి అంతకుముందు లేని స్టాటిక్ ఇనిషియలైజర్ పుట్టుకొస్తుంది, అది లెక్కలో ఉంది. ఒక్కో కంపైలర్ తనంతట తాను చేర్చే సింథటిక్ మెంబర్లు వేరు కాబట్టి, అదే సోర్సును ఇంకో కంపైలర్‌తో కంపైల్ చేసినా అంకె మారే వీలుంది. మెథడ్ లోపలి కోడ్, కామెంట్లు, ఫీల్డులు రాసిన వరుస మారిస్తే మాత్రం మామూలుగా ఏమీ కాదు.

మూడో పని: పాత అంకెను కొత్త క్లాసులో పెట్టండి

ఎక్సెప్షన్‌లో "స్ట్రీమ్ క్లాస్‌డెస్క్" పక్కనున్న అంకెను మైనస్ గుర్తుతో సహా కాపీ చేసి క్లాసులో ఇలా రాయండి:

ప్రైవేట్ స్టాటిక్ ఫైనల్ లాంగ్ సీరియల్‌వెర్షన్‌యూఐడీ = ఆ అంకె, చివర ఎల్;

పేరులో వెర్షన్ తొలి అక్షరం, చివరి యూఐడీ మూడక్షరాలు క్యాపిటల్. స్టాటిక్ గానీ ఫైనల్ గానీ మరిచిపోతే జావా దాన్ని పట్టించుకోదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, మళ్లీ తన లెక్క తాను కడుతుంది. గంటసేపు తల గోక్కోవాల్సి వస్తుంది. నేను గోక్కున్నా.

ఎక్సెప్షన్ మెసేజ్ దొరక్కపోతే పాత జార్ (కంపైలైన క్లాసుల మూట) ఉన్నా సరిపోతుంది. జేడీకే బిన్ ఫోల్డర్‌లో సీరియల్‌వర్ అనే టూల్ ఉంది. పాత జార్‌ను క్లాస్‌పాత్‌లో ఇచ్చి, ప్యాకేజీతో సహా క్లాసు పేరు చెబితే ఆ లైనంతా తయారుగా చూపిస్తుంది. ఇచ్చేది పాత జారే సుమా, కొత్తది కాదు.

ఆ రోజు మండీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఈ ఒక్క లైను చేర్చి నడిపిస్తే చీటీలన్నీ వచ్చినాయి. ఆయన అక్కడితో వదల్లేదు. గల్లాపెట్టెలోంచి కార్బన్ కాపీల పుస్తకం తీసి నాలుగు చీటీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. మీరూ అదే చేయండి. ఎక్సెప్షన్ రాలేదంటే డేటా సరిగ్గా ఉందని కాదు. మొత్తం ఎన్ని చీటీలు, తూకాల మొత్తం ఎంత, డబ్బు మొత్తం ఎంత, ఈ మూడూ పాత వెర్షన్‌లోని మొత్తాలతో సరిపోవాలి.

ఈ అంకె విషయంలో రెండు మాటలు. కొత్తగా రాస్తున్న క్లాసైతే 1 అని పెట్టుకుంటే చాలు, పెద్ద అంకెలో మహిమేమీ లేదు. ఇప్పటికే ఫైళ్లు బయట ఉన్న క్లాసుకు మాత్రం పాత లెక్కే రావాలి, అక్కడ 1 పెడితే చేజేతులా తాళం వేసుకున్నట్టే. ఇక, ప్రతి రిలీజుకూ 1ని 2, 2ని 3 చేసేవాళ్లను చూసినా. పేరులో "వెర్షన్" ఉంది కదా అని చేస్తారు, పాపం. ఆ అంకె మార్చడమంటే "పాత డేటాతో నాకిక సంబంధం లేదు" అని చెప్పడం. పారేసినా ఫర్వాలేని క్యాష్ లాంటివాటికి తప్ప దాన్ని ముట్టుకోవద్దు.

ఇంకొకటి: అంకె తల్లి క్లాసు నుంచి పిల్ల క్లాసుకు రాదు. చీటీలో రైతు, బండి అనే ఆబ్జెక్టులుంటే వాటికీ, చీటీకి పైన బేస్ క్లాసు ఉండి అది సీరియలైజబుల్ అయితే దానికీ, దేనిది దానికే రాయాలి. ఏది మరిచిపోయారో కంపైలర్‌నే అడగండి: జావాసీకి ఎక్స్‌లింట్ కోలన్ సీరియల్ అనే ఆప్షన్ ఇస్తే వార్నింగ్‌లు వరుసగా వస్తాయి. జేడీకే 18 నుంచి ఈ తనిఖీ ఇంకా గట్టిపడింది.

నాలుగో పని: ప్రతి ఫీల్డు మార్పునూ విడిగా తూచండి

అంకె కుదిరింది కదా అని ఊపిరి పీల్చుకుంటారు చూడండి, అసలు ప్రమాదం అక్కడే మొదలు. అంతవరకూ జావా గేటు దగ్గర ఆపేది. ఇప్పుడు మీరే గేటు తీసేసినారు. నోరు తెరిచి అరిచే ఎక్సెప్షన్ కన్నా, మాట్లాడకుండా విలువ పోగొట్టేదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

ఫీల్డు చేర్చడం. జావా దీన్ని అనుకూలమైన మార్పు అంటుంది. పాత ఫైల్లో ఆ ఫీల్డు ఉండదు కాబట్టి ఆబ్జెక్ట్ అయితే నల్, అంకె అయితే 0, బూలియన్ అయితే ఫాల్స్ వస్తాయి. వినడానికి బాగుంది. మా దగ్గర ఏమైందో చూడండి.

చీనీ వ్యాపారంలో సూట్ అని ఒకటుంది. టన్నుకు ఇన్ని కిలోలని రైతు దగ్గర ఎక్కువ తూకం తీసుకోవడం. రైతులకు ఎప్పుడూ మంటగా ఉండే విషయం అది. మొదట్లో ఆయన సూట్ తీసేసిన తూకాన్నే చీటీలో రాసేవాడు. తర్వాత "సూట్ వేరేగా చూపించప్పా, రైతులు అడుగుతాండారు" అంటే ఇంట్ టైపులో సూట్ అనే ఫీల్డు చేర్చినా. పాత చీటీలు మళ్లీ ప్రింట్ తీస్తే అన్నిట్లోనూ "సూట్: 0" అని వచ్చింది. అది అబద్ధం. ఆ చీటీల్లో సూట్ లేకపోవడం కాదు, రాయకపోవడం. "తెలియదు" అనేదానికీ "సున్నా" అనేదానికీ తేడా ఉన్న ఫీల్డయితే ఇంట్ బదులు ఇంటిజర్ వాడండి. పాతవాటికి నల్ వస్తుంది, నల్ ఉంటే ఆ లైను ప్రింట్ చేయొద్దని రాసుకోవచ్చు.

రెండో దెబ్బ ఇంకా చిత్రం. చీనీతో పాటు శెనక్కాయలు కూడా తీసుకోవడం మొదలుపెట్టినాడు. చీనీ టన్నుల్లో, శెనక్కాయలు క్వింటాళ్లలో. కొలత అనే స్ట్రింగ్ ఫీల్డు చేర్చి, ఎదురుగానే = "టన్ను" అని రాసినా, పాతవన్నీ చీనీ చీటీలే కదా అని. పాత చీటీ ప్రింట్ తీస్తే "తూకం: 3 నల్". ఎందుకంటే డీసీరియలైజ్ చేసేటప్పుడు, అంటే ఫైల్లోని బైట్లను తిరిగి ఆబ్జెక్టు చేసేటప్పుడు, సీరియలైజబుల్ క్లాసు కన్‌స్ట్రక్టర్‌ను జావా పిలవదు. ఫీల్డు ఎదురుగా మీరు రాసిన మొదటి విలువ కన్‌స్ట్రక్టర్‌తో పాటు నడిచేది కాబట్టి అదీ నడవదు. సీరియలైజబుల్ కాని మొదటి పైక్లాసు ఏదుందో, దాని ఖాళీ కన్‌స్ట్రక్టర్ మాత్రమే నడుస్తుంది.

దీనికి మందు రీడ్‌ఆబ్జెక్ట్. క్లాసు లోపల ప్రైవేట్ వాయిడ్ రీడ్‌ఆబ్జెక్ట్ అనే మెథడ్ రాయండి. పారామీటర్ ఒక్కటే, ఆబ్జెక్ట్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్. ఐఓఎక్సెప్షన్, క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ రెండింటినీ త్రోస్‌లో పెట్టండి. లోపల మొదటి లైను డిఫాల్ట్‌రీడ్‌ఆబ్జెక్ట్ పిలవడం. రెండోది: కొలత నల్ అయితే "టన్ను" పెట్టు. అంతే. మెథడ్ ప్రైవేట్ కాకపోయినా, పేరులో ఒక్క అక్షరం తప్పినా జావా దాన్ని పిలవదు, ఊరికే ఉంటుంది. జావా 14 నుంచి ఉన్న సీరియల్ అనే యానొటేషన్‌ను దాని నెత్తిన పెట్టి, ఇందాకటి ఎక్స్‌లింట్ ఆప్షన్‌తో కంపైల్ చేస్తే ఇలాంటివి బయటపడతాయి. కొలతను ఫైనల్ ఫీల్డుగా పెట్టుకుంటే మాత్రం రీడ్‌ఆబ్జెక్ట్‌లో దానికి విలువ ఇవ్వడానికి కంపైలర్ ఒప్పుకోదు. ఫైనల్ తీసేయండి, గొడవ ఉండదు.

ఫీల్డు పేరు మార్చడం. అన్నిట్లోకీ ఇదే విషం. ఐడీఈలో రీనేమ్ కొడితే రెండు సెకన్లలో అయిపోతుంది. 'రైతు' అనే ఫీల్డును చదవడానికి ఇంపుగా ఉంటుందని 'రైతుపేరు' చేసినారనుకోండి. జావా కళ్లకు అది 'రైతు'ను తీసేసి, 'రైతుపేరు'ను కొత్తగా చేర్చడం. పాత ఫైల్లోని 'రైతు' విలువను చదివి పారేస్తుంది, 'రైతుపేరు' నల్‌గా ఉంటుంది. ఎక్సెప్షన్ లేదు, వార్నింగ్ లేదు. తర్వాత సేవ్ కొట్టగానే పాత పేర్లు శాశ్వతంగా పోతాయి.

నా సలహా: మార్చొద్దు. గెట్టర్ పేరు మార్చుకోండి, ఫీల్డును వదిలేయండి. మార్చి తీరాల్సిందే అంటే దారి ఉంది, కొంచెం పొడవు:

క్లాసులో సీరియల్‌పర్సిస్టెంట్‌ఫీల్డ్స్ అనే ఆబ్జెక్ట్‌స్ట్రీమ్‌ఫీల్డ్ అర్రే పెట్టండి. ఇదీ ప్రైవేట్, స్టాటిక్, ఫైనల్ మూడూ అయి తీరాలి. ఫైల్లో ఉండాల్సిన ఫీల్డుల జాబితా ఇదే, అందులో 'రైతు', 'రైతుపేరు' రెండూ, మిగతా ఫీల్డులూ రాయండి. రీడ్‌ఆబ్జెక్ట్‌లో డిఫాల్ట్‌రీడ్‌ఆబ్జెక్ట్ బదులు రీడ్‌ఫీల్డ్స్ పిలవండి. అది ఇచ్చే గెట్‌ఫీల్డ్ నుంచి మొదట 'రైతుపేరు' అడగండి, నల్ వస్తే 'రైతు' అడగండి. మిగతావీ ఒక్కొక్కటే తీసుకుని పెట్టుకోవాలి. ఈ జాబితా లేకుండా నేరుగా పాత పేరు అడిగితే పాత ఫైళ్లు బాగానే తెరుచుకుంటాయి. కొత్త ఫైలు దగ్గరికి రాగానే, ఆ పేరు ఫైల్లోనూ క్లాసులోనూ లేదని ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్ పడుతుంది. పాత ఫైళ్లతోనే టెస్ట్ చేసి సంబరపడేవాళ్లకు తగిలే గుంత ఇది.

చదవడం అయింది, రాయడం కూడా మీ నెత్తినే. జాబితాలో ఉండి క్లాసులో లేని ఫీల్డు ఉంటే మామూలు పద్ధతిలో రాయడానికి జావా ఒప్పుకోదు. రైట్‌ఆబ్జెక్ట్ అనే ప్రైవేట్ మెథడ్‌లో పుట్‌ఫీల్డ్స్ పిలిచి, విలువలు పెట్టి, రైట్‌ఫీల్డ్స్ పిలవండి. ఇక్కడ రెండు పేర్లకీ ఒకే విలువ పెడితే ఇంకో లాభం ఉంది: కొత్త ఫైలును పాత ప్రోగ్రాం కూడా చదవగలుగుతుంది. మండీలో ఒక కంప్యూటర్లో పాత వెర్షన్, లోపలి గదిలో ఇంకోదాంట్లో కొత్తది ఉన్న వారం రోజులు నాకు ఇదే ఆదుకుంది.

టైపు మార్చడం. ధర మొదట ఇంట్‌గా ఉండేది, రూపాయలు మాత్రమే. పైసలు కావాలని డబుల్ చేస్తే అంకె కుదిరినా "ఇన్‌కంపాటిబుల్ టైప్స్ ఫర్ ఫీల్డ్" అని ఎక్సెప్షన్ వస్తుంది. ఇంట్ నుంచి లాంగ్‌కైనా అంతే, చిన్న గిన్నెలోది పెద్ద గిన్నెలో పడుతుంది కదా అనే లాజిక్ ఇక్కడ చెల్లదు. కనీసం ఇది అరుస్తుంది, అదే మేలు. ఇక్కడ రీడ్‌ఆబ్జెక్ట్ కూడా కాపాడలేదు, ఎందుకంటే అది మొదలయ్యేలోపే ఈ పోలిక జరిగిపోతుంది. సులువైన దారి: పాత 'ధర'ను అలాగే ఉంచి, 'ధరపైసల్లో' అని కొత్త పేరుతో లాంగ్‌ను ఆబ్జెక్ట్ టైపులో చేర్చండి. రీడ్‌ఆబ్జెక్ట్‌లో అది నల్ అయితే పాత ధరను 100తో గుణించి పెట్టండి. డబ్బును డబుల్‌లో పెట్టడం మానుకోవడానికి ఇదొక మంచి అవకాశం కూడా.

ఫీల్డు తీసేయడం, స్టాటిక్ లేదా ట్రాన్సియెంట్ (ఫైల్లోకి రాయొద్దని చెప్పే గుర్తు) చేయడం ఒకే కుదురులోవి. ఫైల్లో ఉన్న విలువ పోతుంది, పాత ప్రోగ్రాం కొత్త ఫైలు చదివితే ఖాళీ వస్తుంది. పబ్లిక్‌ను ప్రైవేట్ చేయడం లాంటివి ఫర్వాలేదు.

ఐదో పని: పేర్లు మారిన క్లాసులు, ఎనమ్‌లు

క్లాసు పూర్తి పేరు ఫైల్లో ఉందని ఇందాక చూసినాం. ప్యాకేజీ మారిస్తే క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ తప్పదు. ఆబ్జెక్ట్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్‌ను ఎక్స్‌టెండ్ చేసి రిజాల్వ్‌క్లాస్ మెథడ్‌లో పాత పేరు కనబడితే కొత్త క్లాసును తిరిగివ్వండి. ఇది ప్యాకేజీ మారినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. చివరి చుక్క తర్వాతి పేరు రెండు వైపులా ఒకటే ఉందా అని జావా పోల్చి చూస్తుంది. 'చీటీ'ని 'బిల్లు' చేస్తే అక్కడ ఆగిపోతుంది. అప్పుడు రీడ్‌క్లాస్‌డిస్క్రిప్టర్‌ను ఓవర్‌రైడ్ చేసి కొత్త క్లాసు డిస్క్రిప్టర్‌ను ఇవ్వాలి.

ఈ రీడ్‌క్లాస్‌డిస్క్రిప్టర్ చిట్కాతోనే అంకె తేడానూ దాటేయొచ్చని చెప్పేవాళ్లున్నారు. జాగ్రత్త. అలా చేస్తే ఫైల్లోని బైట్లను కొత్త క్లాసు ఫీల్డుల జాబితా ప్రకారం చదువుతుంది. రెండు జాబితాలూ అచ్చంగా ఒకటే అయితే సరే. ఒక్క ఫీల్డు తేడా ఉన్నా ఒకదాని విలువ ఇంకోదాంట్లో పడుతుంది, లేదా స్ట్రీమ్ మధ్యలో విరుగుతుంది. నాలుగు రిలీజుల్లో నాలుగు వేర్వేరు అంకెలతో ఫైళ్లు పడి ఉంటే ఈ తిప్పలు పడకండి. ఏ ఫైలును ఏ జార్ రాసిందో ఆ జార్‌తోనే తెరిచి, టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్త ప్రోగ్రాంలోకి ఎక్కించండి. ఒక మధ్యాహ్నం పని.

ఎనమ్ అంటే ముందే పేర్లు పెట్టిన కొన్ని విలువల (కాన్‌స్టంట్ల) జాబితా. ఎనమ్‌లలో సీరియల్‌వెర్షన్‌యూఐడీ ఎప్పుడూ సున్నాయే, మీరు రాసినా లెక్కలోకి రాదు. ఫైల్లో పడేది కాన్‌స్టంట్ పేరు మాత్రమే. వరుస మార్చుకోవచ్చు, కొత్తవి చేర్చుకోవచ్చు, పేరు మాత్రం మార్చకూడదు. జిల్లాల ఎనమ్ రాస్తే ఇది మన సీమలో బాగా తెలిసొస్తుంది. కడప జిల్లా 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప అయింది. ప్రభుత్వం జీవో ఇచ్చిందని మీరు కాన్‌స్టంట్ పేరు మార్చితే, పాత పేరుతో ఉన్న చీటీ ఏదీ తెరుచుకోదు, ఇన్‌వాలిడ్‌ఆబ్జెక్ట్‌ఎక్సెప్షన్. కాన్‌స్టంట్‌కు 'కడప' అనే ఉంచి, తెర మీద చూపించే పేరును ఎనమ్ లోపల వేరే స్ట్రింగ్‌గా పెట్టుకోండి. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయినప్పుడు కొత్త కాన్‌స్టంట్ చేర్చినా. కొత్త ప్రోగ్రాంకు ఇబ్బంది లేదు. పాత వెర్షన్ ఉన్న కంప్యూటర్ మాత్రం కదిరి రైతు చీటీ రాగానే చేతులెత్తేసింది. చేర్చడమనేది కొత్తవాళ్లకే భద్రం, పాతవాళ్లకు కాదు.

జావా 16లో స్థిరపడిన రికార్డుల (డేటా పట్టుకోవడానికే ఉన్న చిన్న క్లాసులు) దగ్గర అంకె పోలికే లేదు, పైగా అవి కన్‌స్ట్రక్టర్ గుండానే పుడతాయి, అందుకని విలువల తనిఖీ అక్కడే పెట్టుకోవచ్చు. కొత్త కోడైతే నేను అటే మొగ్గుతా. ఇన్నర్ క్లాసులు, అనానిమస్ క్లాసులు అసలు సీరియలైజ్ చేయొద్దు, వాటి పేర్లు కంపైలర్ పెట్టేవి. ఇంకో చిన్న పితలాటకం: లిస్ట్ డాట్ ఆఫ్‌తో చేసిన లిస్టును కొత్త జావాలో సీరియలైజ్ చేసి జావా 8 ఉన్న పాత కంప్యూటర్లో చదివితే, దాని వెనకున్న లోపలి క్లాసు 8లో లేదు కాబట్టి ఆగిపోతుంది. అర్రేలిస్ట్‌లోకి మార్చి రాయండి.

ఆరో పని: పాత ఫైళ్లను టెస్టుల్లో దాచుకోండి

ప్రతి రిలీజుకు ముందు, ఆ రిలీజు రాసిన ఒక చిన్న ఫైలును ప్రాజెక్టులో టెస్ట్ రిసోర్సుల ఫోల్డర్‌లో పెట్టి కమిట్ చేయండి. రెండు మూడు చీటీలు చాలు, కానీ ప్రతి ఫీల్డులోనూ నల్, సున్నా కాకుండా వేరే విలువ ఉండాలి. లేకపోతే పోయింది పోయినట్టు తెలియదు. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నిటినీ ఇప్పటి క్లాసుతో చదివి ఒక్కో ఫీల్డునూ పోల్చే టెస్టు ఒకటి రాయండి. ఆ ఫైళ్లను తిరిగి తయారుచేయకూడదు. టెస్టు ఫెయిలైందని ఫైలును కొత్తగా జనరేట్ చేస్తే ఇక ఆ టెస్టు ఉన్నా లేనట్టే. ఆబ్జెక్ట్‌స్ట్రీమ్‌క్లాస్ డాట్ లుకప్‌తో అంకెను తీసి, అది మారలేదని చూసే ఒక్క లైను కూడా పక్కనే పెట్టుకోండి.

"నేను ఫైళ్లలో ఏమీ దాయను, నాకెందుకిది" అనుకోకండి. జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ మామూలుగా ఆగేటప్పుడు లాగిన్ సెషన్లను సెషన్స్ డాట్ ఎస్‌ఈఆర్ అనే ఫైల్లోకి ఇలాగే రాసుకోగలదు. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లో రెడిస్ (క్యాష్‌గా వాడే డేటా స్టోర్) టెంప్లేట్‌కు మీరు వేరే సీరియలైజర్ చెప్పకపోతే జావాదే వాడుతుంది. రెడిస్‌లో విలువ ఏసీ ఈడీతో మొదలైతే అర్థం అదే. కొత్త వెర్షన్ పెట్టగానే లాగిన్‌లు విరగడం, క్యాష్ ఎర్రర్లు కురవడం చాలాసార్లు ఈ కథే.

బయటివాళ్ల నుంచి వచ్చే బైట్లను మాత్రం ఈ పద్ధతిలో తెరవకండి. తెరవక తప్పకపోతే జావా 9 నుంచి ఉన్న ఆబ్జెక్ట్‌ఇన్‌పుట్‌ఫిల్టర్‌లో మీ క్లాసుల పేర్లు మాత్రమే అనుమతించండి. 1997లో జావా 1.1తో వచ్చిన ఈ సదుపాయం పెద్ద పొరపాటని జావా చీఫ్ ఆర్కిటెక్ట్ మార్క్ రైన్‌హోల్డ్ స్వయంగా 2018లో అన్నారు. నా మటుకు నేను కొత్త పనుల్లో వాడను. అయితే వాడేసిన డేటా వాడేసిందే, దాన్ని ఎవరో ఒకరు మోయాలి కదా.

మండీ ప్రోగ్రాం ఇప్పుడు చీటీలను డేటాబేసులో పెడుతోంది. సేవ్ చేసేముందు ఖాళీ లిస్టా అని చూస్తుంది, చదవలేకపోతే మొదలే కాదు. ఆ పెద్ద అంకెతో ఉన్న చీటీ క్లాసును మాత్రం ప్రాజెక్టులోంచి తీయలేదు, పైన "ముట్టుకోవద్దు" అని కామెంట్ కూడా ఉంది. పాత ఫైళ్లున్న పెన్‌డ్రైవ్ ఇంకా ఆయన గల్లాపెట్టెలోనే ఉంది, ఏ రైతో పాత చీటీ అడిగినప్పుడల్లా బయటికొస్తుంది.